చివరి స్థానంలో వచ్చిన సౌదీ అమ్మాయి

ఈ జ్ఞాపిక సంపాదకవర్గం వారు ఫోను చేసి, "మీరు సౌదీలో పాతికేళ్ళు ఉన్నారు కదండీ, ఆ అనుభవాల మీద ఏదైనా రాయండి" అన్నారు. గల్ఫులో తెలుగువారి కష్టసుఖాల గురించి నాకంటే బాగా రాయగలవారు ఎందరో ఉన్నారు. అందుకని నేనొక పరుగు పందెం గురించి రాస్తానన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "మీరు పరిగెత్తిన పందెమా?" అని అడిగారు. కాదు, సారా అత్తార్ అనే అమ్మాయి పరిగెత్తింది. అందులో ఆమె అందరికంటే చివర వచ్చింది కూడా. అయినా ఆ కథలో నా సంగతి కూడా కాస్త కలిసి ఉంది, కనుక ముందు అది చెప్పి అసలు విషయానికి వస్తాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. డిగ్రీ చదివే రోజుల్లో నేను 800 మీటర్లు పరిగెత్తేదాన్ని. అంటే నాలుగు వందల మీటర్ల ట్రాకు మీద రెండు చుట్లు. మా రోజుల్లో ట్రాకు అంటే పచ్చగడ్డి మీద సున్నంతో గీసిన గీతలే. వానొస్తే గీతలు పోయేవి, మళ్ళీ గీసుకునేవాళ్ళం. బూట్లు లేవు, ఉత్త కాళ్ళతోనే. 1986లో అంతర కళాశాలల పోటీల్లో మూడో స్థానం వచ్చింది. మా డ్రిల్లు మాస్టారి చేతి గడియారం ప్రకారం 2 నిమిషాల 38 సెకన్లు. ఆ సర్టిఫికెట్టు ఇప్పటికీ నా దగ్గర ఉంది. మరుసటి ఏడాది పెళ్ళి కుదిరింది. మా నాయనమ్మ "ఇక గెంతులు చాలమ్మా" అంది. ఎవరూ బలవంతంగా ఆపలేదు గానీ, ఆపకూడదని కూడా ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మా తరం ఆడపిల్లలకి పరుగు అంటే పి.టి. ఉష. 1984లో లాస్ ఏంజెలెస్‌లో సెకనులో నూరోవంతు తేడాతో ఆమెకు పతకం పోయిందని ఇంటింటా బాధపడ్డారు. నాకు మాత్రం నా పందెం పరిగెత్తిన షైనీ అబ్రహాం ఇష్టం. అదే ఒలింపిక్స్‌లో 800 మీటర్ల సెమీఫైనల్ దాకా వెళ్ళింది, భారతదేశపు ఆడపిల్ల ఒలింపిక్స్‌లో అంతవరకు వెళ్ళడం అదే మొదలు. రెండేళ్ళ తర్వాత సియోల్ ఆసియా క్రీడల్లో ముందు వచ్చి కూడా పతకం పోగొట్టుకుంది. 800లో మొదటి మలుపు అయ్యేదాకా ఎవరి గీతల్లో వాళ్ళు పరిగెత్తాలి, ఆ తర్వాతే లోపలి గీతకు రావాలి. ఆమె కాస్త ముందే లోపలికి వచ్చేసింది. అంతే, అనర్హురాలన్నారు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం సరిగా తినలేదని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

1993లో మా వారి ఉద్యోగరీత్యా దమ్మాం వెళ్ళాం. విమానం దిగకముందే సంచిలోంచి నల్లటి అబాయా తీసి తొడుక్కున్నాను. అక్కడ బతుకు దుర్భరమని నేననను. జీతం బాగుండేది, చుట్టూ మనవాళ్ళుండేవారు, ఉగాదికీ సంక్రాంతికీ ఎవరో ఒకరి ఇంట్లో చేరి పులిహోర, బొబ్బట్లు చేసుకునేవాళ్ళం. పిల్లలు బాగానే చదువుకున్నారు. కానీ ఆడమనిషి వీధిలో పరిగెత్తడమనేది లేదు. పరిగెడితే ఏ చట్టం కింద పట్టుకుంటారో నాకు తెలియదు, ఎవరూ పరిగెత్తి చూడలేదు. సాయంత్రాలు కార్నిష్ మీద సముద్రపు గాలికి నడిచేవాళ్ళం, మా వారు ఒక అడుగు ముందు, నేను ఒక అడుగు వెనక. పెద్ద కంపెనీల కాంపౌండుల్లో ఉండేవారికి గోడల లోపల ఈతకొలనులూ టెన్నిసు కోర్టులూ ఉండేవి. మేముండేది మామూలు ఫ్లాటు.

1996లో మాకు అమ్మాయి పుట్టింది. నా కాళ్ళే వచ్చాయి దానికి, ఒక చోట నిలవదు. బడిలో వార్షిక క్రీడల రోజున మగపిల్లలకి మైదానం, ఆడపిల్లలకి హాలు. హాల్లో చెంచా నిమ్మకాయ ఆట. దానికి పదమూడేళ్ళప్పుడు "అమ్మా, నువ్వు పరిగెత్తినట్టు నేనూ పరిగెత్తాలంటే ఎక్కడ పరిగెత్తాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మా బళ్ళే నయం. అప్పట్లో సౌదీ ప్రభుత్వ బళ్ళలో ఆడపిల్లలకి వ్యాయామం పీరియడే లేదు. 2009 ప్రాంతంలో అనుమతి లేదన్న కారణంతో ఆడవాళ్ళ జిమ్ములు మూయించారు. అప్పుడు కొందరు సౌదీ స్త్రీలు "ఆమెను లావెక్కనివ్వండి" అని వెటకారంగా ఒక ఉద్యమానికి పేరు పెట్టారు. 2012 ఫిబ్రవరిలో హ్యూమన్ రైట్స్ వాచ్ వారు దీని మీద ఒక నివేదికే వేశారు. ఆడపిల్లలకు ఆటలు నేర్పడం సైతాను అడుగుల్లో నడవడమేనన్న వాదనను ఎత్తిచూపుతూ, "సైతాను అడుగులు" అన్న మాటనే దానికి పేరుగా పెట్టారు.

అయితే అందరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. జెద్దాలో లీనా అల్ మయీనా అనే ఆవిడ 2003లోనే ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు పెట్టి, దాన్ని జెద్దా యునైటెడ్ పేరుతో నడిపించింది. 2010లో సింగపూరు యువ ఒలింపిక్స్‌లో దల్మా మల్హాస్ అనే సౌదీ అమ్మాయి గుర్రపు స్వారీలో కంచు పతకం కూడా తెచ్చింది. ఆమెను ప్రభుత్వం పంపలేదు, తనంతట తాను వెళ్ళింది.

లండన్ ఒలింపిక్స్ దగ్గర పడేసరికి ఆడవాళ్ళను ఎన్నడూ పంపని దేశాలు మూడే మిగిలాయి: ఖతార్, బ్రూనై, సౌదీ అరేబియా. ఖతార్, బ్రూనై ఒప్పుకున్నాయి. సౌదీ క్రీడల పెద్ద ప్రిన్స్ నవాఫ్ బిన్ ఫైసల్ ఏప్రిల్‌లో కూడా ఆడవాళ్ళను పంపే ఉద్దేశం లేదనే చెప్పారు. మొత్తం జట్టునే నిషేధించాలని బయట ఒత్తిడి పెరిగింది. చివరికి జూలై 12న అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఇద్దరి పేర్లు ప్రకటించింది. ఆటలు మొదలవడానికి రెండు వారాలు! ఒకరు మక్కాకు చెందిన పదహారేళ్ళ జూడో అమ్మాయి వుజ్దాన్ షహర్కానీ. రెండోవారు 800 మీటర్లకు సారా అత్తార్.

అత్తార్ అంటే అత్తరు చేసి అమ్మేవారని అర్థం. తండ్రి సౌదీ, తల్లి అమెరికన్. పుట్టింది 1992లో, కాలిఫోర్నియాలోని ఎస్కాండిడోలో. రెండు దేశాల పౌరసత్వమూ ఉంది. అప్పటికి మాలిబూలో సముద్రం ఒడ్డునున్న పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చిత్రకళ చదువుతూ కాలేజీ జట్టులో పరిగెత్తుతోంది. జట్టులో పెద్ద పేరున్న రన్నరేమీ కాదు. అమెరికా కాలేజీల్లో అలాంటి పిల్లలు వేలమంది ఉంటారు. పొద్దున్నే లేచి పరిగెత్తి, స్నానం చేసి క్లాసుకు పోయేవాళ్ళు. ఒలింపిక్స్‌కు అర్హత టైము ఆమెకు లేదు. అర్హత సాధించలేని దేశాలు కూడా పాల్గొనాలని ఒలింపిక్ వారు కొన్ని ప్రత్యేక ఆహ్వానాలిస్తారు. అలా వెళ్ళింది. కాలేజీ వెబ్‌సైటులో నిక్కరూ బనీనూ వేసుకుని తల కప్పుకోకుండా ఉన్న ఆమె ఫోటోను అప్పుడు తీసేశారని పత్రికలు రాశాయి.

ప్రారంభోత్సవంలో సౌదీ జట్టు నడిచినప్పుడు మగవాళ్ళంతా ముందు, ఈ ఇద్దరూ వెనక. మా వారు టీవీ చూస్తూ "మన కార్నిష్ నడకే" అన్నారు. ఆగస్టు 3న వుజ్దాన్ పోటీ 82 సెకన్లలో అయిపోయింది. తలగుడ్డ ఉండాలా వద్దా అని అంతకుముందు జూడో వారితో జరిగిన తగాదా అంతకంటే ఎక్కువ రోజులు సాగింది పాపం.

సారా పందెం ఆగస్టు 8, బుధవారం. రంజాను నెల. ఆ ఏడు ఇండియాకు టికెట్లు దొరక్క మేము వేసవి సెలవులకి దమ్మాంలోనే ఉండిపోయాం. లండన్‌లో అది ఉదయం, మాకు మధ్యాహ్నం. వీధిలో పిట్ట లేదు. నేనూ అమ్మాయీ ఏసీ వేసుకుని డిష్‌లో ఛానళ్ళు వెతుక్కుని కూర్చున్నాం. మిగతావాళ్ళంతా పొట్టి నిక్కర్లలో ఉంటే ఈమె తలకు తెల్లటి ముసుగు, పొడుగు చేతుల ఆకుపచ్చ చొక్కా, కాళ్ళకు నిండా నల్లటి బిగుతు పాంటు. తుపాకీ పేలిన కాసేపటికే వెనకబడింది. మొదటి చుట్టు అయ్యేసరికి మిగతావాళ్ళు చాలా దూరంలో ఉన్నారు. కెన్యా అమ్మాయి జానెత్ జెప్‌కోస్‌గై 2:01.04కి ముగించింది. అందరూ గీత దాటి నడుములు పట్టుకుని వగరుస్తుంటే, ఆ పెద్ద ట్రాకు మీద ఈమె ఒక్కతే పరిగెత్తుతోంది. ఆఖరి వంద మీటర్లకి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 2:44.95. మొదటి ఆమెకూ ఈమెకూ మధ్య దాదాపు 44 సెకన్లు.

మా అమ్మాయి చటుక్కున నా వైపు తిరిగి, "అమ్మా, నీ టైము కంటే ఎక్కువ!" అంది.

నిజం చెప్పాలి. నాకు చప్పట్లు కొట్టాలనిపించలేదు. కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. ఉత్త కాళ్ళతో గడ్డి మీద ఏడు సెకన్లు ముందు వచ్చినదాన్ని, నేనిక్కడ సోఫాలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. సౌదీ ఎండ ఎరగని కాలిఫోర్నియా పిల్లకి తలకు గుడ్డ చుట్టి పరువు కాపాడుకున్నారని కూడా అనిపించింది. ఆ మాట పైకే అన్నాను. తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ మాటలో సగం నిజమే. దేశం లోపల పెరిగిన ఆడపిల్ల ఆ పందెంలో నిలబడే అవకాశమే లేదు, ఎందుకంటే ఆమెకు ట్రాకు లేదు, కోచ్ లేడు, పీరియడు లేదు. అందుకే బయట పెరిగిన పిల్లను పిలుచుకోవలసి వచ్చింది. కానీ మిగతా సగం నేను చూడలేదు. తన టైము ఎంతో, పక్కన నిలబడేవాళ్ళ టైములు ఎంతో ఆమెకు బాగా తెలుసు. ప్రపంచమంతా చూస్తుండగా అర నిమిషం పైన వెనకబడి ఒంటరిగా ఆ రెండో చుట్టు పరిగెత్తవలసి వస్తుందని తెలిసే వచ్చింది. మా డ్రిల్లు మాస్టారు ఆటల మీటుకు పేరిమ్మన్నప్పుడు నేను మొదటి ఏడాది ఇవ్వలేదు, ఆఖరున వస్తానేమోనని.

ఆ సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయ్యాక అమ్మాయి నన్ను డాబా మీదకి లాక్కెళ్ళింది. సౌదీలో డాబాల గోడలు ఎత్తుగా ఉంటాయి, లోపల ఎవరున్నదీ బయటికి కనబడదు. కుట్టుమిషను టేపుతో కొలిచాం. నీళ్ళ ట్యాంకులూ డిష్షులూ తప్పించుకుని తిరిగితే చుట్టు 64 మీటర్లు. అంటే 800కి పన్నెండున్నర చుట్లు, యాభై మలుపులు. ఆగస్టు ఉక్క, గాలిలేదు. నేను చుట్లు లెక్కబెట్టాను. 4 నిమిషాల 10 సెకన్లకి వచ్చి ట్యాంకు పక్కన చతికిలబడి, "మలుపులు లేకపోతే ఇంకా తొందరగా వస్తాను" అంది. ఇండియాకు కాలేజీ చదువుకు వెళ్ళేదాకా రెండేళ్ళు ఆ డాబా మీదే పరిగెత్తింది. కింది అంతస్తు ఈజిప్టు వాళ్ళు ఒకసారి పైకి వచ్చి ఏమిటా చప్పుడని అడిగారు. చూసి, మర్నాటి నుంచి వాళ్ళ ఇద్దరు అమ్మాయిల్ని కూడా పంపారు.

ఆడవాళ్ళూ 800 మీటర్లూ అనే ఈ తగాదా సౌదీలో మొదలైంది కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకి ఈ పందెం పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2:16.8తో ప్రపంచ రికార్డు పెట్టింది, జపాను అమ్మాయి కినుయే హితోమీ రెండో స్థానం. అయిపోయాక కొందరు గడ్డి మీద పడి సేద తీరారు. మగవాళ్ళు కూడా అలాగే పడతారు. కానీ పత్రికలు ఆడవాళ్ళు కుప్పకూలిపోయారని గగ్గోలు పెట్టాయి. నిజానికి ఫైనల్లో పరిగెత్తిన తొమ్మిది మందీ పందెం పూర్తి చేశారు. అయినా ఆ పందెం ఎత్తేశారు. మళ్ళీ పెట్టింది 1960లో, రోములో. ముప్ఫై రెండేళ్ళు! ఆ నిర్ణయం చేసింది మతపెద్దలు కాదు, ఐరోపా పెద్దమనుషులు. దమ్మాంలో మా పక్కింటి సౌదీ ఆవిడకి ఈ సంగతి చెబితే చాలాసేపు నవ్వింది.

లండన్ 800 ఫైనల్ సంగతి కూడా చెప్పాలి. అందులో రష్యాకు చెందిన మరియా సవినోవా బంగారు పతకం గెలిచింది. మత్తుమందుల వ్యవహారం బయటపడి 2017లో ఆ పతకం తీసేసుకుని, దక్షిణాఫ్రికాకు చెందిన కాస్టర్ సెమెన్యాకు ఇచ్చారు. అందరికంటే ముందు వచ్చిన మనిషి పేరు కొట్టేశారు. హీట్స్‌లో అందరికంటే చివర వచ్చిన పేరు పక్కన 2:44.95 అలాగే ఉంది.

సారా అక్కడితో ఆగలేదు. చదువు అయ్యాక కాలిఫోర్నియా కొండల్లోని మామ్మత్ లేక్స్‌కు వెళ్ళి మారథాన్ రన్నర్లతో సాధన చేసింది. 2016 ఆగస్టు 14న రియోలో మారథాన్ పరిగెత్తింది. 3 గంటల 16 నిమిషాల 11 సెకన్లు. పూర్తి చేసిన 133 మందిలో 132వ స్థానం. ఈసారి ఆమె వెనక ఒకరున్నారు. ఆ ఏడు సౌదీ తరఫున నలుగురు ఆడపిల్లలు వెళ్ళారు. వారిలో వంద మీటర్లు పరిగెత్తిన కరిమాన్ అబుల్‌జదాయెల్ కూడా అమెరికాలోనే, బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో చదివింది.

ఇక అక్కడ మార్పులు వరసగా వచ్చాయి. 2013 మేలో ప్రైవేటు బళ్ళలో, 2017 జూలైలో ప్రభుత్వ బళ్ళలో ఆడపిల్లలకి వ్యాయామానికి అనుమతి ఇచ్చారు. 2018 జనవరి 12న జెద్దాలో ఆడవాళ్ళు మొదటిసారి స్టేడియంలో కూర్చుని ఫుట్‌బాల్ చూశారు. మార్చిలో మాకు దగ్గరలోని అల్ అహ్సాలో ఆడవాళ్ళకే మూడు కిలోమీటర్ల పరుగు పెడితే సుమారు 1500 మంది వచ్చారు. జూన్ 24న కార్లు నడిపారు. ఇదంతా రాజుగారి దయ అని పత్రికలు రాశాయి. కానీ కారు నడిపే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడిన లుజైన్ అల్ హత్‌లూల్‌నూ మరికొందరు స్త్రీలనూ అంతకు నెల రోజుల ముందే అరెస్టు చేశారు. లుజైన్ 2021 ఫిబ్రవరి దాకా జైల్లో ఉంది. కనుక తలుపు తెరుచుకుంది అని సంబరపడేటప్పుడు తట్టిన చేతుల్ని కూడా నేను తలుచుకుంటాను. సారా రెండు చుట్ల వల్లే ఇదంతా జరిగిందని నేననను. ఆమె పరిగెత్తిన రోజున మాత్రం మా వీధిలో ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ మాటే నడిచింది.

2017 జూలై నుంచి కుటుంబ సభ్యుల మీద నెలకు తలకి వంద రియాళ్ళు ఫీజు పెట్టి, ఏటేటా పెంచారు. మనవాళ్ళు చాలామంది సంసారాలు ఇండియాకి పంపేశారు. మేమూ 2018 చివర్లో మూటాముల్లె సర్దుకున్నాం. వచ్చేముందు ఒక తెల్లవారుజామున కార్నిష్‌కి వెళ్ళాను. ఇద్దరు సౌదీ అమ్మాయిలు, అబాయాలు వేసుకుని, కింద రన్నింగు బూట్లతో, నన్ను దాటుకుని పరిగెత్తుకుంటూ పోయారు. నేనూ వాళ్ళ వెనక ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా పరిగెత్తాను. అంతకంటే మోకాళ్ళు ఒప్పుకోలేదు.

800 అంటే మనకీ గుర్తుండవలసిన అమ్మాయి ఒకతె ఉంది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో తెలంగాణ అమ్మాయి అగసర నందిని కంచు పతకం తెచ్చింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల, తండ్రి టీ కొట్టు. ఏడు అంశాల్లో ఆఖరిది 800 మీటర్లే. మొత్తం 5712 పాయింట్లు, నాలుగో స్థానంలో వచ్చిన స్వప్న బర్మన్‌కి 5708. నాలుగంటే నాలుగే పాయింట్లు. ఆ రోజు న్యూజెర్సీలో తెల్లవారకముందే లేచి ఫోనులో చూసి మా అమ్మాయిని నిద్ర లేపాను. ముందు విసుక్కుంది, తర్వాత తనే ఆ పరుగు మూడుసార్లు చూసింది.

ఆమెకిప్పుడు మంచి ట్రాకు ఉంది, ఇంటికి అరమైలు దూరంలో, హైస్కూలు వాళ్ళది. ఆదివారాలు నన్ను తీసుకెళుతుంది. మలుపులు లేకపోతే తొందరగా వస్తానన్న మాట నిజమే అయింది. 3 నిమిషాల 2 సెకన్లు. నా 2:38 ఇంకా అలాగే ఉందని నేను గుర్తు చేస్తుంటాను, చేతి గడియారం లెక్కలు చెల్లవని ఆమె వాదిస్తుంది.

ఈ మహాసభల రెండో రోజు పొద్దున అయిదు కిలోమీటర్ల పరుగు, నడక ఉందని నిర్వాహకులు చెప్పారు. మా ఇద్దరి పేర్లూ ఇచ్చాం. ఆమె ముందు వెళ్ళిపోతుంది. టిఫిన్ల కోసం అందరూ హాల్లోకి వెళ్ళేముందు ఒక్క అయిదు నిమిషాలు గీత దగ్గర ఆగండి, నేను వెనక వస్తూ ఉంటాను.